నడుం ఒక్కదానికే వైద్యం చేస్తే చాలదు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ సెక్టర్ 7లో ఉక్కు కర్మాగారం నుంచి రిటైరైన తెలుగువాళ్ల ఇళ్లలో బీరువా తెరిస్తే, పట్టుచీరల పక్కన రెండు వస్తువులు తరచూ కనిపిస్తాయి. ఒకటి, రాయపూర్‌లోనో దుర్గ్‌లోనో తీయించిన ఎమ్మారై కవరు. రెండోది, పట్టీలు సాగిపోయిన నడుం బెల్టు. కవరులోని ఫిల్ము చదవగలిగినవాళ్లు ఇంట్లో ఉండరు గానీ, రిపోర్టులోని రెండు ముక్కలు ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు: "ఎల్4-ఎల్5 పోయింది", "డిస్క్ గ్యాప్ వచ్చింది". ఆ రోజు నుంచి ఆ ఇంటి పెద్దాయన బకెట్ ఎత్తడు, నేలమీద కూర్చోడు, మనవణ్ణి చంకనేసుకోడు. ఇంత జాగ్రత్తపడ్డా నొప్పి తగ్గదు. ఏటికేడు కాస్త ఎక్కువవుతుంది.

ఎందుకని అడిగితే వయసంటారు, ఒంటి బరువంటారు, ముప్పై ఏళ్లు చేసిన చాకిరీ అంటారు. అబద్ధం కాదు. కానీ నడుంనొప్పి మీద గత ముప్పై, నలభై ఏళ్లలో జరిగిన పరిశోధనలను ఒకచోట పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మామూలు నడుంనొప్పి ముదిరి మొండికేయడంలో, నొప్పి వచ్చిన తర్వాత మనిషి చేసే పనులకూ, డాక్టర్లు అనే మాటలకూ, అతను తిరిగి వెళ్లే డ్యూటీకీ పెద్ద వాటా ఉంది. భిలాయ్ లాంటి ఊళ్లో ఈ మూడిటిలో మూడోదాని గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు.

ఈ ఊరి పుట్టుకే బరువుతో మొదలైంది. 1955లో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రైలెక్కి వచ్చిన తెలుగువాళ్లు కొందరు సెక్టర్ క్వార్టర్లలో, చాలామంది ఖుర్సీపార్ బస్తీలలో స్థిరపడ్డారు. సెక్టర్ 5లో బాలాజీ గుడి వెలిసింది. సెక్టర్ 7 కళ్యాణ్ కాలేజీలో ఆ కుటుంబాల పిల్లలు చదువుకున్నారు. మొదటి తరం వాళ్లు కోక్ అవెన్ల దగ్గర సెగలో నిలబడ్డారు, రోలింగ్ మిల్లులో వంగి లేచారు, ఈఓటీ క్రేన్ క్యాబిన్‌లో ఎనిమిదేసి గంటలు ముందుకు ఒరిగి కిందికి చూస్తూ కూర్చున్నారు. వాళ్ల మనవల తరంలో పర్మినెంట్ ఉద్యోగం దొరికినవాళ్లు కొద్దిమంది. మిగిలినవాళ్లలో ఎందరో అదే గేటులోంచి ఠేకేదారు (కాంట్రాక్టరు) ఇచ్చిన పాసుతో లోపలికి వెళ్తున్నారు. "ఏటోరా, నడుం పట్టీసింది" అన్న మాట మాత్రం ఏ తరంలోనూ మారలేదు.

ముందు ఆ ఫిల్ము సంగతి. 1994లో అమెరికాలో నడుంనొప్పి అసలే లేని 98 మందికి ఎమ్మారై తీశారు. అందులో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. వాళ్లెవరూ రోగులు కారు, హాయిగా తిరుగుతున్న మనుషులు. 2015లో ఇలాంటి 33 అధ్యయనాలను, మూడు వేలమందికి పైగా నొప్పిలేని మనుషుల స్కానులను కలిపి చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్లకు అది 96 శాతం. తలలో వెంట్రుకలు నెరిసినట్టే వెన్నులో డిస్కులూ వయసుతో ఎండుతాయన్నమాట. రిపోర్టు రాసే రేడియాలజిస్టు కనిపించినదంతా రాస్తాడు, అది అతని వృత్తిధర్మం. అందులో నొప్పికి కారణమేదో, వయసు గుర్తేదో విడదీసి చెప్పాల్సింది ఎదురుగా కూర్చున్న డాక్టరు. అలా విడదీసి చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. కిటకిటలాడే ఓపీలో ఆ పది నిమిషాలే దొరకవు. ఇంటికొచ్చిన మనిషి "నా వెన్నెముక అరిగిపోయింది" అని నమ్మేస్తాడు. ఆ నమ్మకం డిస్కు కంటే ఎక్కువ హాని చేస్తుంది.

ప్రపంచవ్యాప్తంగా 2020లో దాదాపు 61.9 కోట్లమందికి నడుంనొప్పి ఉందనీ, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చనీ లెక్క. వీళ్లలో దాదాపు తొంభై శాతం మందికి ఫలానా ఎముకో, ఫలానా నరమో కారణమని వేలు పెట్టి చూపించడం కుదరదు. కండరాలు, కీళ్లు, డిస్కులు, నిద్ర, దిగులు, పని అన్నీ కలిసిన నొప్పి అది. కారణం దొరకలేదంటే నొప్పి అబద్ధమని కాదు. వెన్ను విరిగిపోలేదనీ, కదిలితే విరగదనీ మాత్రమే అర్థం.

మిగిలిన పది శాతం విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. మూత్రం ఆగిపోవడం, మలమూత్రాల మీద పట్టు తప్పడం, తొడల లోపలివైపు, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవకుండా ఈడ్చుకుపోవడం: ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా అదే రాత్రి పెద్దాసుపత్రికి వెళ్లాలి. సెక్టర్ 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉన్నది ఇలాంటి వాటికే. సాయంత్రం పూట సన్నజ్వరం, ఆకలి లేకపోవడం, చిక్కిపోవడం, రాత్రి చెమటలతో పాటు నడుంనొప్పి ఉంటే వెన్నెముక టీబీ ఏమోనని మన దేశంలో తప్పకుండా అనుమానించాలి. ముందే కనిపెడితే అది మందులతో తగ్గే జబ్బు. వదిలేస్తే గూని, కాళ్లు పడిపోవడం. ఎప్పుడో క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు కొత్తగా వెన్నునొప్పి వస్తే, పెద్ద వయసు ఆడవాళ్లకు చిన్నపాటి జారుడుకే నడుం పట్టేస్తే ఎక్స్‌రే తీయించాల్సిందే. ఇరవై, ముప్పై ఏళ్ల కుర్రాడికి తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి, లేచి తిరిగాక గంటకో అరగంటకో సడలుతుంటే అది బరువు మోసిన నొప్పి కాకపోవచ్చు, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. రుమటాలజిస్టు చూడాలి.

తెలుగువాళ్లకు ఇంకో ప్రశ్న కూడా వేయాలి: చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారు? నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో వైద్యలోకానికి మొదట చూపించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోని రోగుల ద్వారానే. వెన్ను కర్రలా బిగుసుకుపోయిన ఆ మనుషుల మీద షార్ట్ అనే డాక్టరు బృందం రాసిన వ్యాసం ఇవాళ్టికీ ప్రస్తావనకొస్తుంది. ఆ తర్వాత నల్లగొండ సంగతి అందరికీ తెలిసిందే. అలాంటి ఊళ్లలో పెరిగి ఛత్తీస్‌గఢ్‌లో పనిచేసిన మనిషి నడుం బిగింపు వెనక బాల్యంలో తాగిన బోరునీళ్లు ఉండొచ్చు. భిలాయ్‌లో పుట్టి పెరిగిన డాక్టరుకు ఆ ఆలోచన రాకపోవచ్చు, అడిగి చెప్పాల్సింది రోగే.

ఇవేవీ లేని మామూలు నడుంపట్టుకు ఏం చేయాలి? మన ఇళ్లలో మొదటి ఆజ్ఞ "కదలకు, పడుకో". 1995లో హెల్సింకీ నగరపాలక ఉద్యోగులు 186 మంది మీద ఈ ఆజ్ఞను పరీక్షించారు. కొందరికి రెండు రోజులు మంచంమీద విశ్రాంతి. కొందరికి నడుం వ్యాయామాలు. మిగిలినవాళ్లకు, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు చేసుకోమన్న సలహా. మూడు వారాలకూ, పన్నెండు వారాలకూ చూస్తే అందరికంటే బాగా కోలుకున్నది ఆ మూడో గుంపువాళ్లు. అందరికంటే నెమ్మదిగా కోలుకున్నది మంచం ఎక్కినవాళ్లు. ఈ ఫలితం వచ్చి మూడు దశాబ్దాలైంది. మెడికల్ సర్టిఫికెట్ల మీద మాత్రం "మూడు వారాల పూర్తి విశ్రాంతి" అన్న ముక్క ఇంకా చెక్కుచెదరలేదు.

బెల్టు కథా అంతే. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుంనొప్పిపై మార్గదర్శకాలు విడుదల చేసింది. నడుం బెల్టులు, నడుముకు బరువులు కట్టి లాగే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ సెగ, కరెంటు తీగలంటించే టెన్స్, నల్లమందు జాతి నొప్పిమాత్రలు మామూలుగా వాడవద్దంది. వ్యాయామం, నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడం, మసాజ్, మనసుకు సంబంధించిన చికిత్సలు, అవసరమైతే వాపు తగ్గించే నొప్పిమాత్రలు వాడవచ్చంది. మన ఊళ్లలో ఫిజియోథెరపీ పేరుతో ఎక్కువగా జరిగేది మాత్రం ఆ మొదటి జాబితా. రోజుకింతని చెల్లించి, పది రోజులు పడుకుని సెగ పెట్టించుకుని వస్తారు. వ్యాయామం నేర్పించే చోటు వెతుక్కోవాలి.

అమ్మమ్మల వైద్యం మీద అంత కోపం అక్కర్లేదు. ఉప్పుమూట కాపడం, వేడినీళ్ల స్నానం, ఆముదం రాసి నెమ్మదిగా మర్దన చేయడం: వీటితో కొన్ని గంటలు హాయిగా ఉంటుంది, ఆ హాయిలో లేచి నాలుగడుగులు వేయగలిగితే మంచిదే. ఎదురుకాళ్లతో పుట్టినవాడి చేత నడుంమీద తన్నించుకోవడం మాత్రం మానేయాలి. ఆ తన్ను తిన్న రోజో మర్నాడో పట్టు వదిలిన ఉదాహరణలు ప్రతి వీధిలోనూ ఉంటాయి. తన్నకపోయినా చాలా పట్లు వాటంతటవే వారం, పది రోజుల్లో సడలుతాయి, ఆ ఖ్యాతి పాపం కాలానిదే.

మాత్రల విషయంలో ఉక్కు ఊరికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. ఆస్ట్రేలియాలో 1,600 మందికి పైగా రోగుల మీద చేసిన పరీక్షలో, కొత్తగా వచ్చిన నడుంనొప్పికి పారాసెటమాల్ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదని 2014లో తేలింది. నల్లమందు జాతి మందుల గతీ అంతేనని 2023లో అదే దేశంలో ఇంకో పరీక్ష చెప్పింది. కొంత పనిచేసేవి డైక్లోఫెనాక్ లాంటివి. అవి తిండి తిన్నాక, తక్కువ మోతాదులో, కొద్దిరోజులే వాడాలి. ఫర్నేసు దగ్గర ఒళ్లంతా చెమటై, నీళ్లు చాలక, ఖాళీ కడుపుతో డైక్లోఫెనాక్ మింగి షిఫ్టు లాగించే మనిషి తన మూత్రపిండాలను పణంగా పెడుతున్నాడు. బీపీ, షుగరు ఉంటే ముప్పు ఇంకా పెద్దది. మందులషాపులో నిలబడి వేయించుకునే ఇంజెక్షనుకూ ఇదే వర్తిస్తుంది. ఇక పేరులేని పొట్లాల్లో వచ్చే "ఆకుమందు" రెండు రోజుల్లోనే అద్భుతంగా పనిచేస్తోందంటే సంతోషించడానికి ముందు అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి.

కాలిలోకి కరెంటు షాకులా పాకే నొప్పి, అదే సయాటికా, వేరే దారి. డిస్కు చుట్టూ ఉండే గట్టి పొర పగిలి, లోపలి మెత్తటి భాగం బయటికి తోసుకొచ్చి నరాన్ని నొక్కినప్పుడు వచ్చేది ఇది. వినడానికి భయంగా ఉన్నా, అలా బయటపడ్డ ముక్క చాలామందిలో నెలల తరబడి మెల్లగా కుంచించుకుపోతుంది. 2007లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుతున్న 283 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్, రెండో గుంపుకు ఆగి చూడటం. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది, అందులో సందేహం లేదు. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆగి చూసిన గుంపులో 39 శాతం మందికి చివరికి కత్తి తప్పలేదు. అంటే ఆపరేషన్ శత్రువూ కాదు, అందరికీ అవసరమూ కాదు. కాలి బలం తగ్గకుండా ఉన్నంతకాలం ఎంచుకునే హక్కు రోగికి ఉంది, ఆ సంగతి అతనికి చెప్పాలి. కాలిలోకి నొప్పి లేకుండా ఉత్త నడుంనొప్పికి స్క్రూలు బిగించే ఆపరేషన్ గురించి ఎవరైనా మాట్లాడితే, రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకూడదు.

మరి నొప్పి ఏళ్ల తరబడి ఎందుకు నిలిచిపోతుంది? దెబ్బ మానినా నరాల వ్యవస్థ అప్రమత్తంగానే ఉండిపోతుంది. ఇదివరకు పట్టించుకోని చిన్న కదలికకు కూడా అది కేక పెడుతుంది. నిద్ర చాలకపోతే ఆ కేక ఇంకా పెద్దదవుతుంది, వారం వారం మారే నైట్ షిఫ్టుల్లో మంచి నిద్ర ఎక్కడిది? నొప్పికి భయపడి కదలకపోతే కండరాలు నీరసిస్తాయి. నీరసించిన కండరాలతో ఒకరోజు హఠాత్తుగా గ్యాసు సిలిండరు ఎత్తితే పట్టేస్తుంది, భయం రెట్టింపవుతుంది. ఈ చక్రం తెగాలంటే ముందు నొప్పికీ హానికీ తేడా తెలియాలి. నడిచినప్పుడు కాస్త నొప్పెట్టి, మర్నాటికి మామూలైతే ఏమీ చెడిపోలేదు. మర్నాడు కూడా ఎక్కువే ఉంటే నడక మానక్కర్లేదు, సగానికి తగ్గించి మళ్లీ పెంచుకుంటూ పోవాలి. బాగున్న రోజున నాలుగు రోజుల పని ఒక్కపూటలో చేసేసి తర్వాత మూడు రోజులు మంచమెక్కడం మన పెద్దవాళ్లకు బాగా అలవాటు. అది మానడమే సగం వైద్యం.

నడక గురించి గట్టి రుజువు 2024లో వచ్చింది. ఆస్ట్రేలియాలో నడుంనొప్పి ఒకసారి వచ్చి తగ్గిన 701 మందిని తీసుకున్నారు. కొందరికి ఫిజియోథెరపిస్టు ఆరుసార్లు కలిసి, ఎవరి శక్తిని బట్టి వాళ్లకు నడక పెంచుతూ, ఆరు నెలల్లో వారానికి ఐదుసార్లు అరగంటేసి నడిచే స్థితికి తెచ్చే ప్రయత్నం చేశారు. పనికి అడ్డొచ్చే నొప్పి మళ్లీ రావడానికి నడవనివాళ్లలో సగటున 112 రోజులు పడితే, నడిచినవాళ్లలో 208 రోజులు పట్టింది. దీనికి బెల్టు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు. సెక్టర్ల మధ్య చెట్ల నీడన వెడల్పాటి రోడ్లున్న భిలాయ్‌కి ఇంతకంటే చవకైన వైద్యం లేదు. రిటైరైనవాళ్లు రేపు ఉదయమే మొదలుపెట్టవచ్చు.

ఇంకా డ్యూటీలో ఉన్నవాడి సంగతి అంత తేలిక కాదు. ఉదయం అరగంట నడిచి, తర్వాత ఎనిమిది గంటలు అదే పాత సీట్లో, అదే పాత బరువు కింద పడితే నడక ఎంతని కాపాడుతుంది?

నెదర్లాండ్స్‌లో 1988లో ప్రచురితమైన ఒక అధ్యయనం 743 మంది క్రేన్ ఆపరేటర్లను, అదే కంపెనీలో నేలమీద పనిచేసే 662 మందిని పదేళ్ల రికార్డులతో పోల్చింది. ఐదేళ్లకు పైగా క్రేన్ నడిపినవాళ్లు డిస్కు జబ్బుతో పనికి పూర్తిగా దూరమయ్యే ప్రమాదం దాదాపు మూడు రెట్లు. కుదుపు, వంకరగా కూర్చోవడం, మెడ వంచి కిందికి చూడటం, అన్నీ కలిసి చేసిన పని అది. సీటు కింద కుదుపును మింగే అమరిక, వెనక్కి ఆనుకుని కూడా కిందికి కనిపించే అద్దాలు, రెండు గంటలకోసారి లేచే వీలు: వీటికి డాక్టరు చీటీ చాలదు, ఇంజనీరు సంతకం కావాలి.

బరువుల విషయంలోనూ అంతే. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, మెలితిరగకుండా, అప్పుడప్పుడు ఎత్తేటప్పుడు కూడా 23 కిలోలు దాటకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగవాళ్లకు 55 కిలోల పరిమితిని సూచించింది. మన సిమెంటు బస్తా 50 కిలోలు. కూలీ దాన్ని నేలమీంచి ఎత్తి, మెలితిరిగి, లారీలోకి విసురుతాడు, రోజంతా. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్, గాయం చేసేంత బరువు ఎవరిచేతా మోయించకూడదని స్పష్టంగానే చెప్పింది. కానీ అదే చట్టం మూడో షెడ్యూలులో, ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో సీసపు విషం, సిలికోసిస్, మోతవల్ల వచ్చే చెవుడు ఉండేవి, నడుంనొప్పి ఉండేది కాదు. లెక్కలోకి రాని జబ్బుకు ఎవరూ జవాబుదారీ కారు.

బదులుగా గోడమీద పోస్టరు వేస్తారు: మోకాళ్లు వంచి ఎత్తండి, నడుం వంచవద్దు. బరువెత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నడుంనొప్పి తగ్గదని పలు దేశాల పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు తేల్చాయి. బెల్టులు పంచినా తగ్గదు. 2000లో అమెరికాలో 160 దుకాణాల్లో తొమ్మిది వేలమందికి పైగా సరుకు మోసే సిబ్బంది మీద చూశారు, బెల్టు పెట్టుకున్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా రాలేదు. పనిచేసింది పనిని మార్చడం. కాలిఫోర్నియా పొలాల్లో కూలీలు దశాబ్దాలపాటు పొట్టి పిడి పారతో, రోజంతా సగానికి వంగి కలుపు తీసేవారు. పొడుగు పిడి ఇస్తే పంట పాడవుతుందని యజమానులు వాదించారు. 1975లో ఆ రాష్ట్రం పొట్టి పిడిని నిషేధించింది. పంట పాడవలేదు. మన దగ్గర టౌన్‌షిప్ రోడ్లు ఊడ్చే ఆడవాళ్ల చేతిలో పొట్టి చీపురు చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తు రావాలి. వాళ్లు ఆ పని అయ్యాక ఇంటికెళ్లి నీళ్లు మోసి, వంగి అంట్లు తోమి, వంగి ఇల్లు తుడుస్తారు. నడుంనొప్పి ఆడవాళ్లలోనే ఎక్కువని ప్రపంచ లెక్కలన్నీ చెబుతున్నా, పనివల్ల వచ్చిన నొప్పి అనగానే మనకు హెల్మెట్ పెట్టుకున్న మగవాడే కళ్ల ముందుకొస్తాడు.

మనసు సంగతి కూడా పక్కన పెట్టలేం. బోయింగ్ విమానాల కంపెనీలో మూడు వేలమందికి పైగా ఉద్యోగులను గమనించి 1991లో ప్రకటించిన అధ్యయనంలో, చేసే పని దాదాపు ఎప్పుడూ నచ్చదన్నవాళ్లు నడుంనొప్పి ఫిర్యాదు చేయడం మిగతావాళ్లకంటే రెండున్నర రెట్లు ఎక్కువ. దీన్ని చూపి "అంతా నాటకం" అనే సూపర్‌వైజర్లు ఉంటారు. అధ్యయనం చెప్పింది అది కాదు. గౌరవం, భద్రత లేని పనిలో నొప్పి ఎక్కువ బాధిస్తుంది, త్వరగా పనికి దూరం చేస్తుంది. నాలుగు రోజులు రాకపోతే హాజరీ పట్టీలో పేరు ఉంటుందో లేదో తెలియని కాంట్రాక్టు కార్మికుడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

సరైన దారి ఏమిటో 1997లోనే కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం చూపించింది. నాలుగు వారాలకు పైగా నడుంనొప్పితో పనికి దూరమైన కార్మికుల్లో కొందరికి మామూలు వైద్యం అందింది. ఇంకొందరికి వైద్యంతో పాటు ఒక ఎర్గానమిస్టు, అంటే పనిని మనిషి ఒంటికి తగ్గట్టు మలిచే నిపుణుడు, స్వయంగా పనిచోటుకి వెళ్లి, కార్మికుడిని, సూపర్‌వైజరును, యూనియన్ ప్రతినిధిని కూర్చోబెట్టి ఆ పనిలో ఏం మార్చాలో తేల్చాడు. ఈ రెండో గుంపువాళ్లు 2.4 రెట్లు వేగంగా తమ పాత పనికి తిరిగొచ్చారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం ఇంకో కోణంలో వెళ్లింది. 1997 నుంచి టీవీలో ఒకటే మాట ప్రచారం చేసింది: నడుంనొప్పి వస్తే పడుకోవద్దు, పనిలో ఉండండి, చురుగ్గా ఉండండి. నడుంనొప్పి పరిహారం దరఖాస్తులు 15 శాతానికి పైగా తగ్గాయి, డాక్టర్ల తీరు కూడా మారింది.

ఇదంతా విదేశాల ముచ్చట అనుకోనక్కర్లేదు. భిలాయ్‌కి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో, 1977 కాల్పుల్లో చనిపోయిన కార్మికుల పేర గని కార్మికులు సొంత కష్టంతో 1983లో షహీద్ ఆసుపత్రి నిర్మించుకున్నారు. శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని ఆ కార్మికుల యూనియన్, జీతంతో పాటు ఆరోగ్యం కూడా తన పనేనని అనుకుంది. అక్కరలేని ఇంజెక్షన్లు, టానిక్కుల మీద ఆ ఆసుపత్రి డాక్టర్లు, కార్మికులు కలిసి ప్రచారం చేశారు. నియోగి 1991లో భిలాయ్‌లోనే హత్యకు గురయ్యారు. ఆ తర్వాతి కాలంలో యూనియన్ల డిమాండ్ల పత్రంలో బోనసు, వేజ్ రివిజన్ ఉన్నంత గట్టిగా క్రేన్ సీటు, బస్తా బరువు ఎప్పుడు కనిపించాయి? తెలుగు సంఘాలు కూడా కల్యాణోత్సవాలకు వేసే టెంటు కింద ఏడాదికొక ఆదివారం ఫిజియోథెరపిస్టులను పిలిచి, ఖుర్సీపార్ కుర్రాళ్లకు నాలుగు వ్యాయామాలు నేర్పించవచ్చు, అదీ తెలుగులో.

అన్నిటికంటే చవకైన మార్పు ఒక చీటీ. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్ నుంచి డాక్టర్లు ఇచ్చే సర్టిఫికెట్ మారింది. పాతది "పనికి రాకూడదు" అని మాత్రమే చెప్పేది. కొత్తదానిలో "ఈ మార్పులు చేస్తే పనికి రావచ్చు" అన్న గడి కూడా ఉంది: పని గంటలు తగ్గించడం, పని మార్చడం, మెల్లగా పెంచుకుంటూ వెళ్లడం, పనిచోటు సర్దడం. ఇక్కడి ఆసుపత్రులు అలాంటి చీటీ ముద్రించుకోవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఎన్ని కిలోల వరకు ఎత్తవచ్చు, ఒకే చోట ఎంతసేపు కూర్చోవచ్చు, ఎన్ని వారాలు అన్న మూడు ఖాళీలు, హిందీలోనూ తెలుగులోనూ. పర్మినెంట్ ఉద్యోగికి షాపు ఇన్‌చార్జి సంతకం చేస్తాడు. కాంట్రాక్టు కార్మికుడి చీటీ మీద ఠేకేదారు సంతకానికీ, ఆ వారాల్లో అతని గేట్ పాస్ రద్దు చేయబోమన్న కంపెనీ ముద్రకూ ఒక్కో గడి ఉండాలి.